చివరి పేజీ నుంచి మొదలుపెట్టు

అమ్మడూ,

మొన్న ఆదివారం ఫోనులో నువ్వు పడ్డ విసుగు ఇంకా నా చెవిలోనే ఉంది. "నలభై ఎనిమిది కాగితాల మీద చేత్తో బొమ్మలేసి, ఒక పుస్తకంగా కుట్టి తెమ్మన్నారు తాతయ్యా. అదే పని స్క్రీను మీద గంటలో అయిపోతుంది. అంత ఫీజు కట్టించుకుని చిన్నపిల్లల ఆట ఆడిస్తున్నారు" అన్నావు. నేను నవ్వి ఊరుకున్నాను. ఫోను పెట్టేశాక మీ నాయనమ్మ "మాస్టారుగారికి మనవరాలి దగ్గర మాట పడిపోయిందే!" అని దెప్పింది. ఫోనులో చెబితే నువ్వు ఊఁ కొడుతూ ఇంకేదో చూసుకుంటావని నాకు తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఒక్క గుక్కలో చదవక్కర్లేదు. మధ్యలో టీ తాగి రావచ్చు.

స్క్రీను పారెయ్యమని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. కంట్లో శుక్లాలు ముదిరిన రోజుల్లో నీ ట్యాబ్లెట్ మీద బొమ్మని నాలుగింతలు పెద్దది చేసి గీసుకున్న సుఖం నాకూ తెలుసు. నేను అడిగేది ఒక్కటే. ఆ నలభై ఎనిమిది కాగితాలూ విసుక్కోకుండా, ఎవరికో అప్పు తీరుస్తున్నట్టు కాకుండా చెయ్యి. ఎందుకో చెప్పాలంటే ముందు నా పరువు తక్కువ కథ ఒకటి చెప్పాలి.

ముప్పై రెండేళ్లు హైస్కూళ్లలో డ్రాయింగు మాస్టారుగా చేశాను కదా. అందులో ఒక ఏడాది తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. కూజా గీయమంటే గుమ్మడికాయ గీసేవాడు. షేడింగు చెయ్యమంటే కాగితం చిరిగేదాకా రుద్దేవాడు. పాసు మార్కులకి ఒకటో రెండో ఎక్కువ వేసి తోసేసేవాణ్ని. ఒకరోజు క్లాసులో తల వంచుకుని సోషల్ పుస్తకంలో ఏదో గీస్తూ పట్టుబడ్డాడు. చెవి మెలిపెట్టి, పుస్తకం లాక్కుని స్టాఫు రూముకి తెచ్చేశాను. తెరిచి చూస్తే ప్రతి పేజీ కుడిచేతి వైపు కింది మూలన గోరంత మనిషి బొమ్మ ఉంది. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. పేజీలు బొటనవేలి కింద జారవిడిచాను. ఆ మనిషి గబగబా తాటిచెట్టెక్కాడు. పైన కుండ వంచుకుని తాగాడు. తరువాత దిగడం మొదలుపెట్టాడు చూడూ! ఎక్కేటప్పుడు ఉన్న మనిషి కాడు వాడు. ఒక కాలు చెట్టుకి ఆనించి, రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో వెతుక్కుంటూ, ఒకచోట ఆగి, మళ్లీ జారి, నేల మీదకి వచ్చాక కూడా ఇంకా దిగుతున్నట్టే కాళ్లు ఆడించాడు. నేను మళ్లీ జారవిడిచాను. మళ్లీ. లెక్కల మాస్టారు వచ్చి నా భుజం మీంచి చూశారు. సోషల్ మాస్టారు చూసి, "వీడు నా పుస్తకం చివరి పేజీ దాకా తిప్పాడంటే ఇదే కారణం" అన్నారు. పుస్తకం ఆ కుర్రాడికి రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాను. ఎందుకు ఆలస్యమైందో వాడికి చెప్పలేదు.

తాగినవాడి బరువు ఏ కాలి మీద నుంచి ఏ కాలి మీదకి మారుతుందో ఆ కుర్రాడికి తెలుసు. నాకు తెలియదు. కదలని కూజా వాడికి అక్కర్లేదు, అంతే. ఆ సంగతి నాకు తట్టేసరికి వాడు పదో తరగతి అయిపోయి వెళ్లిపోయాడు. చిన్నపిల్లల ఆట అని నువ్వు అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది వాడే.

ఫ్లిప్‌బుక్కు అనే ఈ ఆటకి పుట్టినరోజు కూడా ఉంది. 1868 మార్చి 18. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలో రాతి అచ్చు పని చేసుకునే జాన్ బార్న్స్ లినెట్ అనే ఆయన ఆ రోజున దీనికి పేటెంటు తీసుకున్నాడు. దాని సంఖ్య 925. కినియోగ్రాఫ్ అని పేరు పెట్టాడు, కదిలే బొమ్మ అని దాని అర్థం. అచ్చుపని వాడు కాబట్టి కాగితాల కట్టని రోజుకి ఎన్నిసార్లో చేత్తో పట్టుకుని అంచులు ఆడించే ఉంటాడు. అది నా ఊహ, చరిత్ర కాదు. కానీ కాగితంతో బతికే మనిషికే ఇది తట్టడంలో ఒక అందం ఉందనిపిస్తుంది నాకు.

ఆయనకి ముందే కదిలే బొమ్మలు లేవని కాదు. అంతకు ముప్పై ఆరేళ్ల ముందు, 1832లో, బెల్జియంలో జోసెఫ్ ప్లాటో, వియన్నాలో సైమన్ స్టాంప్‌ఫర్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే దాదాపు ఒకే పరికరం చేశారు. గుండ్రటి అట్ట. దాని మీద చుట్టూ బొమ్మలు, అంచున సన్నటి చీలికలు. అద్దం ముందు నిలబడి అట్టని గిర్రున తిప్పుతూ చీలికల్లోంచి చూస్తే అద్దంలో బొమ్మలు ఆడతాయి. ఇంతమందికి కదలికని చూపించిన ఆ ప్లాటోకి నలభయ్యోపడిలోనే చూపు పూర్తిగా పోయింది. అయినా ఇంట్లోవాళ్ల కళ్లతో ప్రయోగాలు చేస్తూనే ఉన్నాడట. తరువాత 1834లో ఇంగ్లండులోనే హార్నర్ అనే ఆయన అదే సూత్రాన్ని డప్పులాంటి డబ్బాలోకి మార్చాడు. జోట్రోప్ అని మీ క్లాసులో చూపించే ఉంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇవన్నీ చక్రాలు. పన్నెండో పదహారో బొమ్మలు పడతాయి, అంతే. గుర్రం పరిగెడుతుంది, మళ్లీ అదే పరుగు. మనిషి గెంతుతాడు, మళ్లీ అదే గెంతు. గానుగెద్దు నడకన్నమాట. ఎంతసేపు నడిచినా ఊరు దాటదు. లినెట్ చేసిందల్లా ఆ ఎద్దుని గానుగ నుంచి విప్పి బాట మీదకి తోలడం. పుస్తకానికి మొదలుంది, చివర ఉంది. పేజీలు పెంచుకుంటే కథ పెరుగుతుంది. కదిలే బొమ్మకి మొదటిసారి "తరువాత ఏమైంది?" అన్న ప్రశ్న వచ్చింది. మన తాటిచెట్టు మనిషి చక్రంలో ఉంటే జీవితాంతం ఎక్కుతూనే ఉండేవాడు. పుస్తకంలో ఉన్నాడు కాబట్టే తాగి దిగాడు.

మరో సంగతి. చక్రానికి చీలికలు కావాలి. లేకపోతే బొమ్మలన్నీ కలిసిపోయి చారలైపోతాయి. పుస్తకానికి చీలికా అక్కర్లేదు, అద్దమూ అక్కర్లేదు, దీపమూ అక్కర్లేదు. ప్రతి కాగితం నీ బొటనవేలి దగ్గర ఒక్క లిప్త ఆగుతుంది, తరువాత చటుక్కున తప్పుకుంటుంది. ఆగడం, తప్పుకోవడం. సినిమా యంత్రం లోపల ఫిల్ము చేసేదీ సరిగ్గా అదే. నీ వేలే ఆ యంత్రం. జర్మన్లు ఈ పుస్తకాన్ని పిలిచే పేరుకి అర్థం బొటనవేలి సినిమా. అంతకంటే సరైన పేరు నాకు తెలియదు.

ఇప్పుడు నా రెండో తప్పు ఒప్పుకోవాలి. మరి బొమ్మ ఎందుకు కదిలినట్టు కనిపిస్తుంది? ఇన్నేళ్లూ పిల్లలకి ఒకటే పాఠం చెప్పాను. కంటి మీద బొమ్మ కాసేపు నిలుస్తుంది, అది చెరిగేలోపు రెండో బొమ్మ వస్తుంది, అందుకే కదిలినట్టుంటుంది అని. పుస్తకాల్లోనూ అదే ఉండేది. మీ నాన్నకీ అదే చెప్పాను. అది చాలదు అమ్మడూ. కాస్త ఆలోచించు. ఒక బొమ్మ చెరగకుండా ఉండగానే రెండోది వచ్చి పడితే, పలక తుడవకుండా మళ్లీ రాసినట్టు అలుక్కుపోవాలి కానీ, కదలడమేమిటి?

మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకీ ఇదే సందేహం. 1910లో ఆయన సెలవులకని రైల్లో పోతూ మధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయి, బజార్లో కదిలే బొమ్మల ఆటవస్తువు ఒకటి కొనుక్కుని హోటలు గదిలో కూర్చుని ప్రయోగాలు మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. 1912లో అచ్చయిన ఆయన పరిశోధన తేల్చింది ఇది: ఒకచోట ఒక గీత చూపించి మాయం చేసి, సరైన వ్యవధిలో పక్కన మరో గీత చూపిస్తే, మనసు ఆ రెంటి మధ్యా ఒక కదలికని తానే అల్లుకుంటుంది. అక్కడ లేనిదాన్ని చూస్తుంది. వ్యవధి ఎక్కువైతే రెండు వేరువేరు గీతలు. మరీ తక్కువైతే రెండూ ఒకేసారి వెలిగినట్టు. మధ్యలో ఎక్కడో ఒక కొలత దగ్గర ఆ గీత నడుస్తుంది.

తోలుబొమ్మలాట చూశావుగా నువ్వు, మన ఊరి జాతరలో? అక్కడ బొమ్మ నిజంగానే కదులుతుంది, పుల్ల పట్టుకున్న చెయ్యి కదిలిస్తుంది కాబట్టి. ఫ్లిప్‌బుక్కులో ఏదీ కదలదు. అన్ని బొమ్మలూ రాయిలా కూర్చుని ఉంటాయి. కదలిక ఉన్నది పేజీలో కాదు, పేజీకీ పేజీకీ నడుమ. అక్కడ నువ్వు గీసింది ఏమీ లేదు. చూసేవాడు పూరించుకుంటాడు. నువ్వు ఎంత అందంగా గీశావన్నది తరువాతి మాట. రెండు బొమ్మల మధ్య ఎంత ఎడం వదిలావన్నదే నీ విద్య. ఆ కుర్రాడు కూజా గీయలేకపోయినా ఎడం తెలిసినవాడు. నేను కూజా గీయగలిగీ ఎడం తెలియనివాణ్ని. స్క్రీను మీద మధ్య బొమ్మలు యంత్రమే వేసి పెడుతుంది, ఇప్పుడైతే నాలుగు మాటలు టైపు చేస్తే మొత్తం వీడియోనే వండి పెడుతోందట. పెట్టనీ. వండినదాంట్లో ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చెప్పడానికైనా నీకు నాలుక ఉండాలి కదా. ఆ నాలుక ఈ నలభై ఎనిమిది కాగితాల దగ్గర వస్తుందని నా నమ్మకం.

ఇది పెద్దల మాటగా తోచి నవ్వొస్తుందేమో. సరే, నీకు నచ్చే మనిషి కథ చెబుతాను. విన్సర్ మెకే. న్యూయార్క్ పత్రికల్లో కార్టూన్లు వేసేవాడు, 1905 నుంచి లిటిల్ నీమో బొమ్మల కథ నడిపి అప్పటికే పెద్ద పేరున్నవాడు. ఆయనకి యానిమేషన్ మీద మనసు పడింది ఏ కళాశాలలోనో కాదు. కొడుకు ఇంటికి తెచ్చుకున్న ఫ్లిప్‌బుక్కులు చూసి. పిల్లవాడి చేతిలో ఆటవస్తువు తండ్రి లాక్కుని ఆడుకున్నాడన్నమాట. ఆ ఊపులో దాదాపు 4,000 బొమ్మలు గీసి 1911లో నీమోని తెర మీద కదిలించాడు. మూడేళ్ల తరువాత గెర్టీ అనే డైనోసార్. దానికి ఇంచుమించు 10,000 బొమ్మలు. పల్చటి కాగితాల మీద, ప్రతిదాని మీదా కొండా చెట్టూ నేలా అన్నీ మళ్లీ మళ్లీ గీసి. పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్లు వాడే పద్ధతి అప్పటికి మెకే చేతికి రాలేదు. వెనకనున్న కొండని ప్రతి కాగితం మీదా దించి పెట్టడానికి పొరుగున ఉండే ఒక చిత్రకళా విద్యార్థిని పెట్టుకున్నాడు. పాపం, ఆ కుర్రాడు ఒకే కొండని ఎన్ని వేలసార్లు దించాడో! నీ నలభై ఎనిమిదీ ఒకసారి దాని పక్కన పెట్టి చూసుకో. కాగితాలు జరక్కుండా మూలల్లో గుర్తులు పెట్టుకునేవాడు. ముఖ్యమైన భంగిమలు ముందు గీసుకుని, నడుమ బొమ్మలు తరువాత వేసుకునేవాడు. నీకు క్లాసులో చెప్పే కీ పోజులూ ఇన్‌బిట్వీన్‌లూ అవే.

ఇందులో నాకు మహా ఇష్టమైన ముక్క ఒకటుంది. గెర్టీ ఊపిరి పీల్చుకోవడం ఎలా గీయాలా అని మెకే ఆలోచించి, గడియారం పెట్టుకుని తన ఊపిరినే లెక్కపెట్టుకున్నాడట. పీల్చడానికి ఎంతసేపు, వదలడానికి ఎంతసేపు. లోకంలో ఎవరూ చూడని జంతువు పొట్టలోకి తన ఊపిరి పోశాడు. నువ్వూ గీసేముందు లేచి ఆ పని ఒకసారి చేసి చూసుకో. నవ్వుకుంటే నవ్వుకోనీ హాస్టలు పిల్లల్ని.

ఫ్లిప్‌బుక్కు పెద్ద వ్యాపారం కూడా చేసింది. హెర్మన్ కాస్లర్ అనే అమెరికావాడు 1890లలో మ్యూటోస్కోప్ అని ఒకటి కట్టాడు. ఫొటోలు అచ్చేసిన దాదాపు 850 కార్డులు ఒక ఇరుసు చుట్టూ గుచ్చి, ఇనప పెట్టెలో పెట్టి, పక్కన చేతిపిడి తగిలించాడు. నాణెం వేసి పిడి తిప్పుకుంటూ పైనున్న కంతలోంచి ఒక నిమిషం చూడొచ్చు. కార్డుని ఆపి వదిలేందుకు బొటనవేలికి బదులు ఒక కొక్కెం ఉంటుంది. ఆ కంపెనీయే తరువాత బయోగ్రాఫ్ పేరుతో తెర సినిమాలు తీసింది. గ్రిఫిత్ అనే పెద్ద దర్శకుడు 1908లో దర్శకత్వం మొదలుపెట్టింది అక్కడే. అంతకన్నా ఆ పెట్టె గురించి చెప్పాల్సింది ఎక్కువ లేదు. వాటిలో నడిచిన బొమ్మలు చాలావరకు మనవరాలికి రాసే ఉత్తరంలో పెట్టదగ్గవి కావు.

మన దేశంలో ఫాల్కే గారు ఈ నడుమ ఎడం సంగతి ఎంత చక్కగా పట్టుకున్నారో చూడు. రాజా హరిశ్చంద్ర సినిమా తియ్యకముందు, డబ్బు పెట్టేవాళ్లని ఒప్పించడానికి ఆయన 1912లో ఒక చిట్టి సినిమా తీశారు. కుండీలో బఠాణీ గింజలు నాటి, ఎదురుగా కెమెరా పెట్టి, నెలకి పైగా రోజుకి ఒక్క ఫ్రేము. తెర మీద వేస్తే నిమిషంలో మొక్క మొలిచి పెరిగిపోయింది. ఆయన ఒక్క గీత గీయలేదు. ఫ్రేముకీ ఫ్రేముకీ నడుమ ఒక రాత్రినీ ఒక పగలునీ వదిలారు. 1915లో అగ్గిపుల్లలతో కూడా అలాంటి ఆట ఆడించారు. ఆ ఫిల్ము ఇప్పుడు మిగల్లేదు. బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌లో 1956లో కార్టూను విభాగం పెట్టినప్పుడు నేర్పడానికి డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చాడు. పుట్టింది మన దేశంలోనే, మిషనరీల బిడ్డ. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో రామ్‌మోహన్ ఒకరు, మన యానిమేషన్ వాళ్లంతా పెద్దదిక్కుగా చెప్పుకునే మనిషి. బల్ల మీద కాగితాలు, వేళ్ల మధ్య ఇరికించుకుని ముందుకీ వెనక్కీ ఆడించి చూసుకోవడం, ఆ పద్ధతిలోనే ఆ తరమంతా చెయ్యి తిప్పింది. డిస్నీ పెద్దలు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో తమ విద్యంతా ఒక లావుపాటి పుస్తకంగా వేశారు, ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్ అని. మీ లైబ్రరీలో ఉంటుంది. ముందు చదవకు. పేజీల మూలలు జారవిడిచి చూడు. అంతటి పండితులు కూడా మా తొమ్మిదో తరగతి వాడి పనే చేసి పెట్టారు.

ఇక పని మాటలు.

కాగితం మరీ పల్చన అయితే వేలి కింద ముద్దగా జారుతుంది, ఒకేసారి అయిదారు పోతాయి. మరీ మందమైతే వంగదు. పోస్టుకార్డు కంటే పల్చగా, నోటుపుస్తకం కంటే కాస్త బిరుసుగా ఉండాలి. అరచేతిలో పట్టేంత ముక్కలు కోసుకో. బొమ్మ పేజీ నడిమధ్యన వెయ్యకు. కుట్టిన వైపు సగం చూసేవాడికి కనబడదు. తెరుచుకునే అంచు వైపు వెయ్యి. మొదటిసారి నేను ఈ సంగతి తెలియక ఇరవై బొమ్మలు పాడుచేశాను.

చివరి పేజీ నుంచి మొదలుపెట్టు. వింతగా ఉంటుంది కానీ దానికి రెండు కారణాలున్నాయి. కట్టని వెనక్కి వంచి వదిలితే వెనకనున్న కాగితం ముందు జారుతుంది, కాబట్టి కథ మొదలయ్యేది అడుగు పేజీలో. పైగా అడుగు కాగితం మీద గీసి దాని మీద ఇంకో కాగితం వేస్తే కింది గీత లీలగా కనిపిస్తుంది. ఎంత జరపాలో కంటికి తెలుస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఉల్లిపొర అని మీట ఉంటుందని చెప్పావు చూడు, ఆ మీట పుట్టింది ఈ కాగితం లోంచే.

మామిడికాయ రాలి పడుతోంది అనుకో. కొమ్మ దగ్గర ఎడం గోటిమందం. కిందకి వస్తున్నకొద్దీ వేలిమందం. అన్ని చోట్లా సమానంగా ఎడం వదిలితే కాయ రాలదు, తాడు కట్టి ఎవరో దించుతున్నట్టుంటుంది. నేల తగిలాక మళ్లీ చిన్నగా ఎగరాలి. ఎగిరి పైన ఉన్నప్పుడు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగాలి. ఎవరైనా ఆగాలంటే అదే బొమ్మని ఆరు పేజీల మీద మళ్లీ గియ్యి. జిరాక్సు తియ్యకు. చేత్తో మళ్లీ గీస్తే గీత కొంచెం వణుకుతుంది. ఆగిన మనిషి ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఆ వణుకుని తప్పు అనుకుని దిద్దితే బొమ్మ శవమైపోతుంది. దక్షిణాఫ్రికాలో విలియం కెంట్రిడ్జ్ అనే చిత్రకారుడు పాత నిఘంటువు పేజీల మీద బొగ్గుతో గీసి ఇలాంటివే పెద్ద గ్యాలరీల్లో చూపిస్తాడు. వెనక అచ్చక్షరాలు పేజీకొకసారి మారిపోతూ ఉంటాయి, ముందు మనిషి నడుస్తుంటాడు. ఆ గజిబిజిని ఆయన దాచడు.

రబ్బరు పక్కన పెట్టుకోకు. తప్పు పోతే ఆ కాగితం పారేసి ఇంకోటి తీసుకో. కాగితం చౌక. అన్నీ అయ్యాక బల్ల మీద తట్టి అంచులు సమం చేసి, కుట్టే వైపు నల్ల క్లిప్పు బిగించు. కుదిరితే దబ్బనంతో కుట్టు. తెరిచే అంచుని ఒక్క వెంట్రుక వాసి ఏటవాలుగా కోయించు, ప్రతి కాగితమూ బొటనవేలికి విడిగా తగులుతుంది. ప్రెస్సులో పెద్ద కత్తి ఉంటుంది, బతిమాలుకుంటే కోసిపెడతారు.

తయారయ్యాక మీ మాస్టారికి ఇచ్చే ముందు హాస్టలు వాచ్‌మన్ గారికో, మెస్సులో వంటామెకో చూపించు. వాళ్ల చేతికి ఇచ్చి నువ్వు నోరు మూసుకో. ఎలా పట్టుకోవాలో కూడా చెప్పకు. ఒకరు గబగబా వదిలేస్తారు, ఒకరు ఒక్కొక్క పేజీ అతిజాగ్రత్తగా తీస్తారు. రెండు వేగాలకీ నీ మామిడికాయ రాలాలి. థియేటర్లో సినిమా వేగం ప్రేక్షకుడి చేతిలో ఉండదు. మన పక్కింటి పాప, అయిదేళ్లది, నేను గీసిచ్చిన పిల్లి పుస్తకాన్ని మొన్న ముప్పైసార్లు తిప్పింది. తరువాత తలకిందులుగా పట్టుకుని ఎదురు తిప్పింది. గోడ దూకిన పిల్లి వీపు ముందుగా గోడ మీదకి ఎక్కేసరికి దానికి వచ్చిన నవ్వు నువ్వు వినాల్సింది. "తాతా, పిల్లి తప్పు తెలుసుకుంది" అంది. ఇంకోటి గమనించాను. ఇద్దరు కలిసి చూడాలంటే తలలు ఆనించుకోవాల్సిందే. నాయనమ్మా నేనూ అలా తలలు ఆనించుకుని కూర్చుని ఎన్నాళ్లయిందో అనుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ ఉత్తరంతో పాటు నాయనమ్మ కందిపొడి సీసా పంపుతోంది. పాత బట్టలో చుట్టి ఒక చిన్న కట్ట కూడా ఉంటుంది. నూనె చేతులతో ముట్టుకోకు. మీ నాన్నకి ఆరేళ్లప్పుడు నేను చేసినది. ముప్పై పోస్టుకార్డులు సగానికి కోసి అరవై పేజీలు. సైకిలు మీద పోస్టుమాన్ కాలవ వంతెన ఎక్కుతాడు. అప్పట్లో కాలవ వంతెన అంటే మధ్యలో ఎత్తు, అందరూ దిగి సైకిలు తోసుకుంటూ ఎక్కేవాళ్లు. ఆ తోయడం గీయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. వీపు వంగడం, మోకాలు, చెమట తుడుచుకోవడం అన్నీ వేశాను. ఆ వానాకాలంలో మీ నాన్న పడవలు చేసుకోవడానికి సరిగ్గా అక్కడే రెండు కాగితాలు చింపేశాడు.

దాంతో వంతెన కింద ఉన్న పోస్టుమాన్ ఒక్కసారిగా గాల్లోకి లేచి పైన దిగుతాడు. నేను కోప్పడి, ఆ రెండు పేజీలూ మళ్లీ గీస్తానన్నాను. వాడు పుస్తకం గుండెకి హత్తుకుని ఏడ్చాడు. "వద్దు, అక్కడ ఎగరాలి" అన్నాడు. వాడు ఏడుస్తుంటే నేను జారవిడిచి చూశాను. నిజంగానే ఎగిరాడు. నేను పదిహేను రోజులు కష్టపడి గీసిన వీపుకంటే అదే బాగుంది.

ముప్పై నాలుగు, ముప్పై అయిదు పేజీలు లేవు. వెతక్కు.

తాతయ్య